సన్నసూది పరీక్షా, కోర్ బయాప్సీయా?

రొమ్ములో క్యాన్సర్ తేలితే అది అక్కడే పుట్టిందనుకుంటాం. చాలావరకు నిజమే. అరుదుగా మాత్రం మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్), లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్), ఊపిరితిత్తుల, అండాశయ క్యాన్సర్లు అక్కడికి పాకుతాయి. స్కానింగ్‌లో ఇవి తరచూ గుండ్రంగా, నున్నటి అంచులతో, ఏమీ ప్రమాదం లేని గడ్డల్లా కనిపించి మోసం చేస్తాయి. అసలు ఎక్కడ పుట్టిందో తేల్చాలంటే సూదితో నమూనా తీయాలి, దానికి రెండు దారులు.

సన్నసూది పరీక్ష, అంటే ఎఫ్ఎన్ఏసీ, తేలిక. కాసిని కణాలు లాగి స్లైడ్ మీద పూస్తారు, రిపోర్టు త్వరగా వస్తుంది. ముదురు గోధుమ రంగు మెలనిన్ రేణువులు కనిపిస్తే మెలనోమా అనుమానం అక్కడే మొదలవుతుంది. కానీ కణాల అమరిక తెలియదు.

కోర్ బయాప్సీకి, అంటే కాస్త లావు సూదితో ముక్క తీయడానికి, మత్తు ఇంజెక్షన్ కావాలి, టెన్షన్ కూడా ఎక్కువే. అయినా నా ఓటు దీనికే. సన్నటి పుల్లలాంటి ముక్క అమరిక చెదరకుండా వస్తుంది. పక్కనే పాలనాళాల లోపలే ఆగిన తొలిదశ క్యాన్సర్ కనిపిస్తే, అది రొమ్ముదే అనడానికి గట్టి ఆధారం. మిగిలిన ముక్క మీద ఐహెచ్‌సీ, అంటే కణాల్లోని ప్రొటీన్లను రంగుతో పట్టించే పరీక్ష, చేస్తారు. ఆ ప్రొటీన్లలో గాటా3 రొమ్ము వైపు, టీటీఎఫ్-1 ఊపిరితిత్తుల వైపు, పాక్స్8 అండాశయం వైపు వేలు చూపిస్తాయి. ఏ ఒక్కదాన్నీ నమ్ముకోలేం. రొమ్ము క్యాన్సర్‌లో తరచూ కనిపించే ఈస్ట్రోజన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ అండాశయ క్యాన్సర్‌లోనూ ఉండొచ్చు.

ఏ సూదైనా సరే, పాత జబ్బు సంగతి నమూనాతో పంపే ఫారంలో లేకపోతే, దాన్ని మైక్రోస్కోపులో చూసే డాక్టరు పాథాలజిస్టుకు ఆ అనుమానమే రాకపోవచ్చు. ఎప్పుడో తీయించుకున్న పుట్టుమచ్చ గురించైనా చెప్పండి.