పాత వీడియో క్యాసెట్లు పెన్ డ్రైవ్‌లోకి: మహబూబ్‌నగర్ దుకాణం, ఐదుకు మూడున్నర మార్కులు

ముందు ధర చెబుతాను, అందరూ అడిగేది అదే. మూడు గంటల వీహెచ్ఎస్ క్యాసెట్‌కు 400 రూపాయలు. లోపల టేపుకు ఫంగస్ పట్టి ఉంటే శుభ్రం చేయడానికి ఇంకో 200. నేను నాలుగు ఇచ్చాను, మూడింటికి ఫంగసే. మొత్తం 2,200 అయింది. పెన్ డ్రైవ్ మనదే.

దుకాణం క్లాక్ టవర్ దగ్గర సందులో ఉంది. కింద మొబైల్ కవర్లు అమ్ముతారు, పైన ఈ పని. మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తోడు తీసుకెళ్ళండి. లోపల మూడు వీసీఆర్‌లు కనిపిస్తాయి కానీ నడిచేది ఒక్కటే. మిగతా రెండూ దానికి విడిభాగాల కోసం. 2016లో చివరి కంపెనీ కూడా వీసీఆర్‌ల తయారీ ఆపేసింది కదా, టేపును చదివే హెడ్ పాడైతే ఇక పాతదాన్ని విప్పాల్సిందే. ఆ కుర్రాడు ఫంగస్ చూసిన తీరు నాకు నచ్చింది. క్యాసెట్ మూత ఎత్తి, వెలుతురులో పెట్టి, తెల్లటి బూజు నాకు చూపించాకే డబ్బు సంగతి ఎత్తాడు.

నా క్యాసెట్లలో మూడు పెళ్ళిళ్ళవి. వాటికి వంక పెట్టడానికేం లేదు. నేను వెళ్ళింది నాలుగోదాని కోసం. 1993లో మా స్కూలు పిల్లలు పన్నెండు మందిని తీసుకుని రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రానికి వెళ్ళాను. పిల్లల కార్యక్రమంలో చిన్న నాటిక వేయించాం. స్టూడియో ఏసీకి పిల్లలు గజగజ వణికారు, ఒకడైతే పౌడర్ పూయించుకోనని ఏడ్చాడు. నాటిక మాత్రం మన పాలమూరు మాటలోనే సాగింది, ఎవరూ దిద్దలేదు. ప్రసారమైన రోజు పక్కింటాయన వీసీఆర్‌లో రికార్డు చేసి పెట్టాడు. పటేల్ వేషం వేసిన పిల్లవాడి అమ్మానాన్నలు అప్పుడు పనికి బొంబాయి పోయి ఉన్నారు. ఊరంతా చూసింది, వాళ్ళు చూడలేదు. పోయిన దసరాకు వాడే ఫోన్ చేశాడు: "టీచర్, ఆ క్యాసెట్ ఉందా? మా అమ్మకు చూపెడతా."

ఇంత పట్టుదల ఎందుకంటే దానికీ ఒక కథ ఉంది. 1975 ఆగస్టులో మక్తల్ దగ్గరి మా ఊరి బడికి టీవీ వచ్చింది. నేను అప్పుడు ఐదో తరగతి. సైట్ అనే ప్రయోగం అది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి అడిగి తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్ళకు బొమ్మ చూపించారు. మన రాష్ట్రంలో మహబూబ్‌నగర్ జిల్లాకు ఆ అదృష్టం దక్కింది. టీవీలు ఈసీఐఎల్ వాళ్ళు చేశారు. బడి మీద కోళ్ళ జాలీతో చేసిన పది అడుగుల గొడుగు యాంటెన్నా పెట్టారు. మా తాత దాన్ని చూసి కోళ్ళు ఏవని అడిగాడు. పొద్దున పిల్లల కార్యక్రమం తెలుగులో ఇరవై రెండున్నర నిమిషాలు. మన భాష కాని ముక్క వచ్చినా మేం లేచేవాళ్ళం కాదు. మాకు రాయచూరు దగ్గరే కాబట్టి కన్నడమైతే సగం అర్థమయ్యేది. 1976 జులై 31తో ఉపగ్రహం గడువు అయిపోయింది. టీవీ మీద గుడ్డ కప్పేశారు. మరుసటి ఏడు 1977 అక్టోబరులో హైదరాబాద్ కేంద్రం మొదలైంది కానీ మా ఊరికి మళ్ళీ బొమ్మ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మేం చూసినవాటిలో ఒక్క ముక్క కూడా మా దగ్గర లేదు. అప్పుడు ఊళ్ళో వీసీఆర్ ఎక్కడిది? 2020 సెప్టెంబరులో కరోనాకు బడులు మూసి, దూరదర్శన్ యాదగిరి ఛానల్‌లో పాఠాలు వస్తుంటే, పిల్లలు చూస్తున్నారో లేదో అని ఇంటింటికీ తిరిగినప్పుడు ఆ గుడ్డ కప్పిన టీవీయే గుర్తొచ్చింది.

ఇక ఒకటిన్నర మార్కు ఎందుకు కోశానో చెప్పాలి. పెన్ డ్రైవ్ ఇంటికి తెచ్చి పెడితే పిల్లలందరూ లావెక్కి ఉన్నారు! పాత చదరపు బొమ్మను ఇప్పటి వెడల్పు టీవీకి సాగదీశాడు. అంతకన్నా బాధ, నాటికకు ముందు నలభై సెకన్లు లేవు. ట్రాకింగ్ కుదరక, అంటే హెడ్ టేపు మీద సరిగ్గా పడక, బొమ్మ ఎగురుతున్న చోటు అది. "అది వేస్ట్ గదా మేడం, గింజలే ఉన్నయి, కట్ చేసిన" అన్నాడు. బాబూ, ఆ గింజల్లోనే అనౌన్సర్ మా ఊరి పేరు చదివింది. టీవీలో మా ఊరి పేరు వినిపించింది ఆ ఒక్కసారే.

వాదించలేదు, అది అతని మంచితనం. అసలు ఫైల్ తీసేశాడట, అందుకని క్యాసెట్ మళ్ళీ మొదటి నుంచి తిప్పాడు. మూడు రోజులు తీసుకున్నాడు, పైసా అడగలేదు. ఈసారి బొమ్మ ఎగిరినా మాట స్పష్టంగా వచ్చింది. మీరు వెళితే ముందే రెండు మాటలు చీటీ మీద రాసివ్వండి: సాగదీయొద్దు, ఏదీ కోయొద్దు. క్యాసెట్‌కు నాలుగైదు జీబీ పడుతుంది, పెన్ డ్రైవ్ 32 జీబీది తీసుకెళ్ళండి. శుక్రవారం మధ్యాహ్నం షట్టర్ వేసి ఉంటుంది.

సరిచేసిన బొమ్మ మొన్న ఆదివారం వాళ్ళింట్లో పెట్టాం. వాడి తల్లి టీవీకి దగ్గరగా జరిగి, పటేల్ వేషంలో ఉన్న కొడుకును చూసి, "ఇంత బక్కగ ఉంటివారా నువ్వు?" అంది. తమ్ముడికీ ఒకటి కావాలంది. మళ్ళీ ఆ మెట్లెక్కాను. కాపీకి 50 తీసుకున్నాడు.