లారీలో త్రికోణం, మంటలార్పే సిలిండర్: ఏళ్ల తరబడి వాడాక

మా లారీలు గుంటూరు మిర్చి యార్డు నుంచి చెన్నై వైపు తిరుగుతాయి. బండి ఆగిపోతే వెనకాల పెట్టే ఎర్ర త్రికోణం కావాలని విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే, ఒక కొట్టాయన "ఎఫ్‌సీకా, వాడుకోవడానికా?" అన్నాడు. ఎఫ్‌సీ అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఆ తనిఖీలో చూపించడానికా అని అడిగాడన్నమాట. నిజంగానే రెండూ వేరు సరుకులు. ఎఫ్‌సీ రకానికి సన్నటి రేకు కాళ్లు. పక్కనుంచి బస్సు దూసుకెళ్తే ఆ గాలికే బోర్లా పడుతుంది. మేం వాడేది బరువైన ఇనుప కాళ్లది. ఎండకు రంగు వెలిసింది గానీ హెడ్‌లైట్ పడితే ఇప్పటికీ భగ్గున మెరుస్తుంది. పైన పుల్లల్ని కలిపే కొక్కెం మాత్రం వదులైంది, రబ్బరు బ్యాండు వేసి నెట్టుకొస్తున్నాం. కొనేటప్పుడు కొట్టు ముందే నిలబెట్టి అట్టముక్కతో గట్టిగా విసిరి చూడండి. పడిపోతే వద్దు.

అమెరికాలో లారీకైనా బస్సుకైనా ఇలాంటివి మూడు ఉండాలి, బండి ఆగిన 10 నిమిషాల్లోపు పెట్టేయాలి. డివైడర్ ఉన్న రోడ్డు మీదైతే వెనకాల 10, 100, 200 అడుగుల దూరంలో ఒక్కోటి. మేమూ అదే లెక్క పట్టుకున్నాం. ఎందుకంటే 80 కిలోమీటర్ల స్పీడులో వచ్చే బండి 100 అడుగులు దాటడానికి సెకనున్నర కూడా పట్టదు. ఒక్కటే తెచ్చి బండికి ఆనించి పెడితే ఏం లాభం? చిలకలూరిపేట దాటాక రాత్రిపూట టైరు పేలినప్పుడు, మా డ్రైవర్ త్రికోణాన్ని ఛాతీకి ఎదురుగా పట్టుకుని, వచ్చే బండ్లకు కనబడేలా చూపిస్తూ వెనక్కి నడిచాడు. బండ్లు దూరం నుంచే లైన్ మారాయి. రాళ్లు, కొమ్మలు అడ్డం పెట్టి, పనయ్యాక అక్కడే వదిలేసి పోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తర్వాత వచ్చే బైకు వాడి గతేంటి?

బండికి అంటించే, లైటు పడితే మెరిసే రేడియం టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. టిక్కీల (మిర్చి బస్తాల) మీద కప్పిన పట్టా కిందికి వేలాడితే అది ఉన్నా లేనట్టే.

ఇక సిలిండర్. మాది ఏబీసీ పౌడర్‌ది, అంటే కట్టె-గుడ్డ, నూనె, గ్యాస్ మంటలు మూడింటికీ పనికొచ్చే పొడిది. పైనున్న ప్రెషర్ మీటర్‌లో ముల్లు పచ్చలో ఉంటే చాలనుకుంటారు. కుదుపులకు లోపల పొడి గడ్డకట్టొచ్చు. అందుకే అప్పుడప్పుడూ తలకిందులు చేసి ఊపుతాం, పొడి జారడం చేతికి తెలియాలి. కేబిన్‌లో వైరింగ్ అంటుకున్నప్పుడు ఒక్క నొక్కుకే అణిగింది. ఆ తెల్ల పొడి డాష్‌బోర్డు సందుల్లోంచి ఇప్పటికీ రాలుతూనే ఉంటుంది, అది వేరే సంగతి. టైరు మంటకు మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆరినట్టే ఆరి, లోపలి వేడికి మళ్లీ రాజుకుంటుంది. దాన్ని చల్లార్చడానికి నీళ్లు కావాలి, అదీ చాలా. మేం రెండు క్యాన్లు పెట్టుకుంటాం, అవీ చాలవు.

త్రికోణాలు, సిలిండర్ అన్నీ డ్రైవర్ సీటు వెనకే ఉంటాయి. తాళం వేసిన టూల్‌బాక్స్‌లో పెడితే, తాళంచెవి క్లీనర్ జేబులో, క్లీనర్ టీ కొట్టు దగ్గర.