జపాన్ ఒరిజినల్ పేరుతో నకిలీ కింగ్ గిడోరా బొమ్మలు: గోదావరి జిల్లాల్లో బొమ్మలు సేకరించేవాళ్లూ జాగ్రత్త

కోనసీమ, భీమవరం, పాలకొల్లు వైపు జపాన్ మాన్‌స్టర్ బొమ్మలు సేకరించేవాళ్లంతా దయచేసి ఇది పూర్తిగా చదవండి. ‘1990ల నాటి బండాయ్, జపాన్ ఒరిజినల్’ అంటూ ఒకతను వాట్సాప్‌లో నకిలీ కింగ్ గిడోరాలు (గాడ్జిల్లా సినిమాల్లోని మూడు తలల డ్రాగన్ బొమ్మలు) అమ్ముతున్నాడు. నాకు అమ్మాడు, భీమవరంలో మా స్నేహితుడికీ అమ్మాడు. రాజోలు దగ్గర ఇంటర్ చదివే ఒక తమ్ముడి దగ్గరైతే బొమ్మే పంపకుండా డబ్బు లాగాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అతని పేరు, నంబరు రాయడం లేదు. పద్ధతి మాత్రం చెబుతాను.

మాట చాలా మర్యాదగా ఉంటుంది. "మాది రావులపాలెం పక్కనేనండి, మీరేం టెన్షన్ పడకండి" అంటాడు. పాదాల అడుగు ఫొటోలు అడిగితే వెంటనే పంపాడు. సినిమా తీసిన తోహో కంపెనీ కాపీరైటు, బొమ్మల కంపెనీ బండాయ్ పేరు, సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి. ఎడమ మడమ దగ్గర చిన్న నీలం ఇంకు మరక కూడా ఉంది. 4,500 రూపాయలు కట్టాక వచ్చిన బొమ్మకు ఆ మరక లేదు. అక్షరాలున్నాయి గానీ వేలితో తడిమితే అంచులు తగలవు. తర్వాత గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే ఫొటో, అదే మరకతో, జపాన్ వేలం సైటులో ఎప్పుడో అమ్ముడుపోయిన బొమ్మది అని తేలింది.

అసలు సాఫ్ట్ వినైల్ (మెత్తటి ప్లాస్టిక్) బొమ్మకు లోహపు అచ్చులో ద్రవ వినైల్ పోసి, వేడి నూనెలో ముంచి, ఇంకా మెత్తగా ఉండగానే బయటికి లాగుతారు. లోపల గుల్లగా ఉంటుంది. విడి భాగాలు ఒకదాంట్లో ఒకటి బిగుసుకునేలా అంచు ఉంటుంది, వేడి నీళ్లలో ఉంచితే మెత్తబడి ఊడి వస్తాయి. నకిలీ చేసేవాడు తయారైన బొమ్మ మీదే అచ్చు తీస్తాడు. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు పొలుసులు చదునైపోతాయి, బొమ్మ కూడా కుంచించుకుపోయి అసలుకన్నా కాస్త పొట్టిగా వస్తుంది. నాకు వచ్చినదానికి మధ్య మెడ మీద పొలుసులే లేవనుకోవాలి. రెక్కలకు అంచు లేదు, జిగురుతో అంటించి పైన బంగారు రంగు కొట్టారు. ఆ జిగురు కుడి రెక్క మొదట్లో తెల్లగా పొంగి కనిపిస్తోంది.

అడిగితే "మన వైపు తేమకి, ఎండకి అలాగే అవుతాయండి" అన్నాడు. నిజమే, పాత వినైల్ జిగటగా మారుతుంది, వేడికి కాళ్లు వంగి పక్కకు ఒరుగుతుంది. కానీ తేమకు పొలుసులు చెరిగిపోవు, మడమ మీది మరక మాయం కాదు! ఇంకొకరికి ఇదే బొమ్మను 1964 నాటిదని చెప్పాడట. 1964 గిడోరా మొదటి సినిమా వచ్చిన సంవత్సరం. మారుసాన్ కంపెనీ గాడ్జిల్లా వినైల్ బొమ్మలు మొదలుపెట్టిందే 1966లో. పాదం కింద సంవత్సరాన్ని కూడా ఒక్కదాన్నే నమ్మకండి, తర్వాత మళ్లీ పోసిన బొమ్మలకూ పాత సంవత్సరమే ఉండొచ్చు.

రాజోలు తమ్ముడి విషయం నన్ను ఎక్కువ బాధపెట్టింది. బొమ్మ డబ్బు తీసుకున్నాక "పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, బొమ్మల మీద డ్యూటీ 70 శాతం, అది నాకు పంపు" అన్నాడు. 2023లో దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 70 శాతానికి పెంచిన మాట వాస్తవం, అందుకే పిల్లాడు నమ్మాడు. కానీ ఆ సుంకం పోస్టాఫీసుకో కొరియర్‌కో రసీదు మీద కడతాం. అమ్మేవాడి సొంత యూపీఐకి ఎవరూ కట్టక్కర్లేదు. ఆ మాట వినగానే ఆపేయండి.

ఎవరైనా పక్క ఊరే అంటే బస్టాండుకు రమ్మనండి, బొమ్మ చేత్తో పట్టుకుని చూశాకే డబ్బివ్వండి. నన్ను మాత్రం సంక్రాంతి దాకా ఊళ్లో ఉండనని తప్పించాడు. పార్సిల్ మీద చూస్తే అసలు మన రాష్ట్రం పిన్‌కోడే కాదు. దూరం వాళ్లయితే ఆ రోజు తేదీ రాసిన కాగితం పాదం పక్కన పెట్టి వీడియో కాల్‌లో చూపించమనండి, పార్సిల్ విప్పేటప్పుడు సీలు నుంచి వీడియో తీయండి.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పార్సిల్ కవరు, చాటింగ్, యూపీఐ నంబరు ఏవీ చెరపకండి. ఫిర్యాదు తేలాక ఆ బొమ్మను ఇంకొకరికి అమ్మకండి, చవగ్గా కూడా వద్దు. ఉంచుకుంటే పాదం అడుగున పర్మనెంట్ మార్కర్‌తో ‘నకిలీ’ అని రాసి ఉంచండి.