అనువాదానికీ ప్రూఫులకూ ఐప్యాడ్: ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టవచ్చా?

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి పుస్తకాలు అనువదించడం, ఇతరుల రాతప్రతులను పరిష్కరించడం, అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫులు దిద్దడం నా వృత్తి. 2022లో వచ్చిన ఐదో తరం ఐప్యాడ్ ఎయిర్‌ను ఆ ఏడాదే కొని, ఈ మూడు పనులకూ ఇప్పటిదాకా వాడుతూ వస్తున్నాను. దానికి తోడు రెండో తరం ఆపిల్ పెన్సిల్, ఒక మామూలు బ్లూటూత్ కీబోర్డు, ఒక ఇనుప స్టాండు ఉన్నాయి. బల్ల మీద ఒక విండోస్ ల్యాప్‌టాప్ కూడా ఉంది. ఇన్నేళ్లలో ఏ పని ఏ యంత్రం మీదికి చేరిందో చూస్తే, ట్యాబ్లెట్ ల్యాప్‌టాప్‌కు బదులవుతుందా అన్న ప్రశ్నకు జవాబు నా పని స్వభావంలోనే ఉందని అర్థమవుతుంది. నా చేతికి వచ్చిన ఫైలు ఎవరి దగ్గరనుంచి వచ్చింది, పని పూర్తయ్యాక అది ఎవరి చేతికి ఏ రూపంలో చేరాలి అన్న రెండు విషయాలే చాలావరకు దాన్ని తేలుస్తాయి.

వేగం గురించి ఎక్కువ చెప్పవలసిందేమీ లేదు. ఇందులో ఉన్న ఎం1 చిప్పు, 2020 చివర్లో మ్యాక్‌బుక్ ఎయిర్‌లో వచ్చిన చిప్పు ఒకటే. వందల పేజీల రాతప్రతి, స్కాన్ చేసిన పాత పుస్తకం, నిఘంటువు ఒకేసారి తెరిచినా అది తడబడలేదు. రాతపని చేసేవారు చిప్పు తరాన్ని పట్టించుకోనవసరం లేదని ధైర్యంగా చెప్పగలను.

ప్రూఫుల దగ్గరే ఈ పరికరం నా పనిని నిజంగా మార్చింది. మన ప్రచురణకర్తలు తరచుగా వేసే డెమీ 1/8 సైజు పుస్తకంలో పేజీ సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు ఉంటుంది. 10.9 అంగుళాల ఈ తెరను నిలువుగా పట్టుకుంటే ఆ పేజీ మొత్తం, కుదించకుండా, అచ్చులో రాబోయే కొలతలోనే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ అడ్డతెర మీద అదే పేజీ సగమే పడుతుంది; మొత్తం పట్టేలా చేస్తే అక్షరాలు చిన్నవైపోయి వత్తులు అలుక్కుపోతాయి. తెలుగు ప్రూఫు చూసేవారి కన్ను చాలా చిన్న తేడాల కోసం వెతుకుతుంది. గుడి పడవలసిన చోట గుడిదీర్ఘం పడిందా, పథకంలో థ ఉందా ధ ఉందా, ఘ ఉండవలసిన చోట ఝ వచ్చిందా, పై వరుసలోని వత్తు కింది వరుసలోని తలకట్టుకు తగులుతోందా అన్నవి అసలు కొలతలో చూసినప్పుడే సరిగా పట్టుబడతాయి. అనుమానం వచ్చిన చోట రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకునే వీలు కాగితానికి కూడా లేదు.

పెన్సిల్‌తో దిద్దే పద్ధతి అచ్చంగా కాగితం మీద దిద్దినట్టే ఉంటుంది. తప్పు అక్షరాన్ని చుట్టి, గీతను మార్జిన్‌లోకి లాగి, అక్కడ సరైన అక్షరం రాస్తాను. పేరా కలపాలంటే కొక్కెం, పదాలు విడదీయాలంటే నిలువు గీత, ఎడం తగ్గించాలంటే చాపం గుర్తు పెడతాను. ఇవన్నీ కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్లకు ఎప్పటినుంచో తెలిసిన గుర్తులే కాబట్టి వారికి కొత్తగా నేర్పవలసింది ఏదీ లేదు. అదే పని ల్యాప్‌టాప్‌లో మౌసుతో చేయాలంటే ప్రతి తప్పుకూ ఒక వ్యాఖ్య పెట్టె తెరిచి, అందులో టైపు చేసి, మూయాలి. పేజీకి పది తప్పులుంటే ఆ శ్రమకు చదివే ధ్యాస చెదిరిపోతుంది. 300 పేజీల పుస్తకానికి మూడు దఫాల ప్రూఫులంటే 900 పేజీల ప్రింటు ఖర్చు, కొరియరు ఖర్చు, అది చేరేదాకా ఎదురుచూపు ఉండేవి. ఇప్పుడు దిద్దిన ఫారాలు, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టలు, వాట్సాప్‌లో అప్పటికప్పుడు వెళ్లిపోతున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. పీడీఎఫ్ మీద పెట్టిన గుర్తులు విడి పొరగా ఉంటాయి కాబట్టి అవతలివారి కంప్యూటర్‌లోని పాత పీడీఎఫ్ రీడర్‌లో అవి కొన్నిసార్లు కనిపించవు. దిద్దిన ఫైలును పంపేముందు గుర్తులు పేజీలో కలిసిపోయేలా ఫ్లాటెన్ చేసి పంపాలి. ఈ సదుపాయం లేని పీడీఎఫ్ యాప్‌ను, మిగతా విషయాల్లో ఎంత బాగున్నా, ప్రూఫుల పనికి ఎంచుకోకండి. ఇంకొక పరిమితి కూడా ఉంది. పెన్సిల్‌తో రాసిన ఇంగ్లీషును టైపు అక్షరాలుగా మార్చే స్క్రిబుల్ సదుపాయం తెలుగుకు లేదు. అందువల్ల ఒక వాక్యమో పేరానో కొత్తగా చేర్చవలసి వస్తే మార్జిన్‌లో ఒక అంకె వేసి, ఆ అంకె కింద చేర్పును విడిగా టైపు చేసి పంపుతాను. చేతిరాత చదివి ఆపరేటర్ మళ్లీ టైపు చేస్తే కొత్త తప్పులు పుట్టుకొస్తాయి.

అనువాదానికి వస్తే, మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకునే వీలు ఐప్యాడ్‌లో 2015 నుంచే ఉంది. కానీ అనువాదకుడికి రెండు కిటికీలు చాలవు. మూలం, రాసే పత్రం, ఆంధ్రభారతి నిఘంటు శోధన, పారిభాషిక పదాల పట్టిక, ఈ నాలుగూ ఎప్పుడూ కంటి ముందో, కనీసం ఒక్క మీట దూరంలోనో ఉండాలి. 2022లో వచ్చిన, ఒకేసారి పలు కిటికీలను తెర మీద ఉంచే స్టేజ్ మేనేజర్ సదుపాయం ఈ లోటును కొంత తీర్చింది గానీ, కిటికీలను మనం కోరిన కొలతలో, కోరిన చోట నిలపడం దానితో సులువు కాలేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 26తో కిటికీలు దాదాపు మ్యాక్‌లో లాగే మూలలు పట్టుకుని లాగితే పెరుగుతున్నాయి, తరుగుతున్నాయి. పైన మెనూ పట్టీ కూడా వచ్చింది. ఈ మార్పు తరువాత అనువాదం తొలి ప్రతి మొత్తం ఐప్యాడ్ మీదే చేస్తున్నాను. 11 అంగుళాల లోపు తెరలో నాలుగు కిటికీలు ఇరుకే. అయినా చదవవలసిన మూలాన్ని వెడల్పుగా, నిఘంటువును సన్నగా పెట్టుకుంటే పని సాగుతుంది.

తెలుగు టైపింగు గురించి అడిగేవారు చాలామంది ఉంటారు. నేను ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేస్తాను. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చే ఈ అమరిక బయటి కీబోర్డుతో ఐప్యాడ్‌లోనూ బాగానే పనిచేస్తోంది. ఇంగ్లీషుకూ తెలుగుకూ మారడం కూడా ఒక్క మీటతో అయిపోతుంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న అక్షరంలోని ఒక ప్రత్యేక కూర్పు కనిపించగానే ఐఫోన్లు, ఐప్యాడ్లలోని యాప్‌లు మూతపడిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. విజ్ఞానం, జ్ఞాపకం, ఆజ్ఞ లేకుండా తెలుగులో నాలుగు పేజీలు రాయలేం కనుక ఆ వార్త చదివినప్పుడు ఈ పరికరాల మీద నమ్మకం సడలింది. ఆ లోపాన్ని అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. నా వాడుకలో అలాంటిది ఒక్కసారి కూడా ఎదురుకాలేదని రూఢిగా చెప్పగలను.

ఇక్కడిదాకా తూకం ట్యాబ్లెట్ వైపే ఉంది. రాసినదాన్ని పరిష్కరించి ప్రచురణకు సిద్ధం చేసే దశలో మాత్రం ల్యాప్‌టాప్ మూత తెరవక తప్పడం లేదు. ఒక రాతప్రతిని శుభ్రం చేయడమంటే జంట ఖాళీలు తీసేయడం, విరామ చిహ్నాల ముందున్న ఖాళీలు తొలగించడం, కొటేషన్ గుర్తులను ఒకే తీరుకు తేవడం, సాఫ్ట్‌వేర్ వంటి పదాల్లో ట్ కింద వకార వత్తు చేరకుండా మధ్యలో కనిపించని విభజన గుర్తును పెట్టడం వంటి వందలాది చిన్న పనులు. విండోస్ వర్డ్‌లో వీటికి మ్యాక్రోలు, అంటే వరుస పనులను వాటంతట అవే చేసే ఆదేశాల మూటలు, రాసి పెట్టుకున్నాను. ఒక్క ఆదేశంతో పుస్తకం మొత్తం సరిపడుతుంది. ఐప్యాడ్‌లోని వర్డ్ మ్యాక్రోలను నడపదు. ఒక్కొక్కటిగా వెతికి మార్చుకోవచ్చు గానీ అలా చేస్తే నిమిషాల పని పూటంతా పడుతుంది, పైగా ఏదో ఒకటి తప్పిపోతుంది. ఇంకో విషయం కొనేవారు ముందే తెలుసుకోవాలి. 10.1 అంగుళాలకన్నా పెద్ద తెర ఉన్న పరికరాల్లో వర్డ్‌తో ఫైలు మార్చాలంటే మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి, ఉచితంగా చదువుకోవడానికి మాత్రమే వీలుంటుంది.

ఫాంట్ల సంగతి ఇంకాస్త క్లిష్టం. రచయిత మండలి ఫాంటులోనో సురవరం ఫాంటులోనో పంపిన ఫైలును ఆ ఫాంటు లేని ఐప్యాడ్‌లో తెరిస్తే దాని స్థానంలో యంత్రంలో ఉన్న మరో తెలుగు ఫాంటు వచ్చి కూర్చుంటుంది. వరుసలు, పేజీలు మారిపోతాయి. 2019 నుంచి బయటి ఫాంట్లను ఎక్కించుకునే వీలు ఇచ్చారు గానీ, దానికి ప్రత్యేకంగా ఒక యాప్ కావాలి. అయినా ఇలాంటి యూనికోడ్ ఫాంట్లతో, అంటే అన్ని యంత్రాలూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలను వాడే ఫాంట్లతో, వచ్చే చిక్కు చిన్నదే, చదవడానికి అడ్డు రాదు. అసలు అడ్డు అను ఫాంట్లది. తెలుగు డీటీపీ లోకంలో ఇప్పటికీ చాలా చోట్ల పేజ్‌మేకర్ అన్న పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చుతున్నారు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి, అవి లేని యంత్రంలో ఆ పాఠం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుసలా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ ఫైలునైతే ఐప్యాడ్ తెరవనే తెరవదు. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. రెండు దశాబ్దాలు దాటినా మన పుస్తకాల అచ్చు దాని మీద ఆధారపడి ఉండడం బాధాకరమే. ఈ స్థితి మారేదాకా తెలుగు సంపాదకుడు విండోస్ యంత్రాన్ని వదులుకోలేడు. కొత్త ప్రచురణకర్తలు పేజీలు కూర్చడానికి వాడే ఇన్‌డిజైన్‌కు కూడా ఐప్యాడ్ రూపం లేదు. ఫోటోషాప్ 2019లో, ఇలస్ట్రేటర్ 2020లో ఐప్యాడ్‌కు వచ్చాయి కనుక ముఖచిత్రం గీసేవారికి దారి ఉంది, పేజీలు కూర్చేవారికి లేదు.

దూరంగా ఉన్న విండోస్ యంత్రాన్ని ఐప్యాడ్ తెర మీదికి రప్పించుకుని ఈ పనులన్నీ చేయవచ్చని కొందరు సలహా ఇస్తారు. చేయవచ్చు, నేనూ చేస్తాను. కానీ ఆ విండోస్ యంత్రం ఎక్కడో ఒకచోట నడుస్తూ ఉండాలి కదా. దాన్ని ల్యాప్‌టాప్‌కు బదులు అనలేం.

ఫైళ్లను నిలవచేయడంలో ఇప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. పెన్‌డ్రైవ్‌ను యూఎస్‌బీ-సి ద్వారా తగిలిస్తే ఫైల్స్ యాప్‌లో కనిపిస్తుంది. పెద్ద ఫైలు ఎక్కుతుండగా వేరే యాప్‌లోకి వెళితే పని ఆగిపోయే బెడద మాత్రం చాలాకాలం వేధించింది. నేను వాడిన ఒక రాత యాప్ అయితే సింకు మధ్యలో ఆగి, కొత్త ప్రతిని చెరిపేసి దాని స్థానంలో పాతదాన్ని పెట్టింది. అప్పటినుంచి రోజు చివర ఆ రోజు రాతను తేదీ పేరుతో విడి ఫైలుగా దాచుతున్నాను. ఏ యంత్రం మీద రాసేవారికైనా ఇది మంచి అలవాటు.

ప్రయాణాల్లోనూ కరెంటు పోయినప్పుడూ ఐప్యాడ్ విలువ తెలుస్తుంది. 461 గ్రాముల బరువు, ఫోను పవర్ బ్యాంకుతోనే నిండే బ్యాటరీ. విజయవాడ, హైదరాబాదుల మధ్య రైల్లో కూర్చుని ఒక ఫారం ప్రూఫులు దిద్దుకోవచ్చు. కీబోర్డు, స్టాండు పెట్టుకుని టైపు చేయడం మాత్రం బల్ల ఉంటేనే కుదురుతుంది. ఒడిలో పెట్టుకుని రాయడంలో ల్యాప్‌టాప్‌కు సాటి లేదు. ఆపిల్ అమ్మే మ్యాజిక్ కీబోర్డు ఒడిలో నిలబడుతుంది గానీ, దానితో కలిపితే మొత్తం బరువు కిలో దాటుతుంది; ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ బరువు 1.29 కిలోలే.

ఇతర వృత్తులవారికి ఒక మాట. ఖాతాలు రాసే టాలీప్రైమ్ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం చేయడానికి వాడే యూఎస్‌బీ టోకెన్‌కు కంప్యూటర్‌లో ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. కాబట్టి ఆడిటర్ల కార్యాలయాలకు ట్యాబ్లెట్ ఎంత మంచిదైనా రెండో యంత్రమే.

ధరల లెక్క కూడా చూడాలి. 2022 మార్చిలో ఈ మోడల్ మన దేశంలో 54,900 రూపాయల నుంచి మొదలైంది. మ్యాజిక్ కీబోర్డు 27,900, పెన్సిల్ 10,900 కలిపితే 93,700 అయింది. 2020లో విడుదలైనప్పుడు ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ధర 92,900. ల్యాప్‌టాప్ లేనివారు ఒకే యంత్రం కొనగలిగితే, పుస్తకాల పనికి ల్యాప్‌టాపే కొనమంటాను. పనిచేసే ల్యాప్‌టాప్ ఇంట్లో ఉన్నవారు, అది పాతదైనా సరే, దాన్ని ఉంచుకుని ట్యాబ్లెట్‌కు పెన్సిల్ జోడించుకోవడం మేలు. ఖరీదైన కీబోర్డుకు బదులు కొద్ది వేలలో దొరికే బ్లూటూత్ కీబోర్డు చాలు. పెన్సిల్ కొనేటప్పుడు మోడల్ చూసుకోండి. 2024 నుంచి వచ్చిన ఎయిర్ మోడళ్లకు రెండో తరం పెన్సిల్ పనిచేయదు. వాటికి పెన్సిల్ ప్రో గానీ యూఎస్‌బీ-సి పెన్సిల్ గానీ కావాలి. యూఎస్‌బీ-సి పెన్సిల్ చేతి ఒత్తిడిని గుర్తించదు, కానీ ప్రూఫులు దిద్దడానికి ఆ గుణం అవసరం రాదు కాబట్టి మన పనికి అది సరిపోతుంది.