మెడ వెన్నుపాము దెబ్బకు ఎంఆర్‌ఐ: వెంటిలేటర్ అవసరాన్ని ఎంతవరకు పసిగడుతుంది?

ఈ పనికి ఎంఆర్‌ఐకి నా మార్కులు 5కి 3.5. ఊపిరి పీల్చే ప్రధాన కండరమైన డయాఫ్రమ్‌ను నడిపే ఫ్రెనిక్ నరం సీ3, సీ4, సీ5 (మెడ వెన్నుపాములో పై నుంచి 3, 4, 5వ మట్టాలు) మూలాల నుంచి వస్తుంది. కాబట్టి సీటీలో ఎముక ఎక్కడ విరిగిందో చూసి ఊరుకుంటే చాలదు. వాపు పైకి ఎంతవరకు పాకిందో టీ2 సాజిటల్ ఎంఆర్‌ఐలోనే (వాపు తెల్లగా కనిపించే, నిలువు కోత బొమ్మల్లో) తెలుస్తుంది. వాపు పై అంచు సీ3కి చేరితే, కాళ్లూచేతులూ పూర్తిగా పడిపోయి ఉంటే, ట్రేకియాస్టమీ (ఊపిరి కోసం గొంతు దగ్గర శ్వాసనాళానికి రంధ్రం పెట్టడం) మాట ముందే ఎత్తాలి.

అడ్డకోత బొమ్మల్లో దెబ్బ తీవ్రతను కొలిచే బేసిక్ (BASIC) స్కోరు (0 నుంచి 4) అక్కరకొస్తుంది: తెల్లటి మార్పు వెన్నుపాము అడ్డుకొలతంతా నిండితే 3, అందులో నల్లటి రక్తస్రావపు మచ్చ కూడా ఉంటే 4. రిపోర్టులో ‘కార్డ్ ఎడిమా’ (వెన్నుపాము వాపు) అని రాసి వదిలేస్తే దండగే. పై అంచు ఏ మట్టంలో ఉందో, పొడవెన్ని మిల్లీమీటర్లో అడిగి రాయించుకోవాలి.

లోపాలు? మొదటి గంటల్లో తీస్తే వాపు తక్కువగా కనిపించి, తర్వాతి రోజుల్లో పెరుగుతుంది. ఆపరేషన్‌లో వెన్నెముకకు స్క్రూలు బిగించాక తీస్తే లోహం చుట్టూ బొమ్మ చెదురుతుంది. దగ్గు బలం, కఫం సంగతి అసలే చెప్పదు. వైటల్ కెపాసిటీ (నిండా పీల్చి పూర్తిగా వదలగలిగే గాలి) శరీర బరువులో కిలోకు 15 మి.లీ. కన్నా తగ్గుతుంటే స్కాన్ బాగుందని ఆగకూడదు. అన్నట్టు, దాన్ని కొలిచిన ప్రతిసారీ ఒకే భంగిమ ఉండాలి: ఈ రోగుల్లో చాలామందికి పడుకున్నప్పటికన్నా కూర్చోబెడితేనే ఈ కొలత తగ్గుతుంది.