విడాకులైన వాళ్ల ట్యాక్స్ ఫైలింగ్: సలహా బాగుంది, రిసెప్షన్‌తోనే తలనొప్పి

డాలస్ దగ్గర మన తెలుగువాళ్లే నడిపే ట్యాక్స్ ఆఫీసు, పేరు రాయను. విడాకులయ్యాక బాబు ఎక్కువగా నా దగ్గరే ఉంటాడు. ముందు కూర్చున్న కుర్రాడు “ఎవరు ఎక్కువ ఖర్చు పెడితే వాళ్లే బాబుని ట్యాక్స్‌లో డిపెండెంట్‌గా క్లెయిమ్ చేసుకోవాలండీ” అనేశాడు. మరీ ఇంత ధీమాగా తప్పు చెప్తారా! ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) మామూలుగా చూసేది ఏడాదిలో పిల్లాడు ఎవరి దగ్గర ఎక్కువ రాత్రులు ఉన్నాడన్నది, అవి సమానమైతే ఏజీఐ (కొన్ని తగ్గింపులు పోగా మిగిలే ఆదాయం) ఎవరికి ఎక్కువన్నది.

లోపలున్న మేడమ్ మాత్రం నిజంగా పనిమంతురాలు. నేను ఫారం 8332 (బాబుని క్లెయిమ్ చేసుకునే హక్కు అవతలివాళ్లకి వదిలే కాగితం) మీద సంతకం చేసిస్తే బాబు వాళ్ల నాన్న చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవచ్చు, అయినా హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (ఇల్లు నడిపే ఒంటరివాళ్ల ఫైలింగ్ హోదా), ఈఐటీసీ (తక్కువ సంపాదన ఉన్నవాళ్లకిచ్చే క్రెడిట్), డేకేర్ క్రెడిట్ మాత్రం అర్హతుంటే నాకే ఉంటాయి, ఫారంతో చేతులు మారవు అని ఓపిగ్గా వివరించింది. 2008 తర్వాత వచ్చిన కోర్టు ఆర్డర్‌ని ఆ ఫారం బదులు జత చేస్తే చెల్లదట. రాబోయే ఏళ్లకి కూడా ఇప్పుడే రాసిచ్చేయకుండా ఈ ఒక్క ఏడాదికే ఇవ్వమంది, ఆ ఒక్క మాటకే ఫీజు గిట్టుబాటు.

ఫీజు ఎంతో చివరిదాకా చెప్పరు, అదే చిరాకు. మూడున్నర స్టార్లు. వెళ్తే నేరుగా మేడమ్ అపాయింట్‌మెంటే అడగండి.