కథ వేసుకుంటామని అడగాలంటే ఫోన్ చాలా, కాగితం ఉండాలా?

తిరుపతి, చిత్తూరు వైపు కథలతో ఒక సంకలనం వేద్దామని దిగాక తెలిసొచ్చింది, కథలు ఏరడం కన్నా వాటిని అడిగి తెచ్చుకోవడమే పెద్ద పని అని.

ఫోన్ అయితే రెండు నిమిషాలు. "దానికేముంది, వేసుకోండి" అనేస్తారు చాలామంది. పెద్దవాళ్లకు ముందు ఫోన్ చేయడమే మర్యాద కూడా, ఉన్నట్టుండి కాగితం పంపితే కోర్టు నోటీసు వచ్చినట్టుంటుంది. కానీ ఆ "వేసుకోండి"కి హద్దు ఎక్కడో ఇద్దరికీ తెలీదు. పలమనేరు యాసలో ఉన్న ఒక కథకి నేను ఫోన్‌లోనే సరే అనిపించుకున్నా. డీటీపీ చేసినాయన "యాడికి" అని ఉన్నచోటల్లా "ఎక్కడికి" అని మార్చేశాడు, ప్రూఫులో నేనూ పట్టుకోలేదు. పుస్తకం అందిన రోజు రచయిత ఫోన్ చేసి, "నేను వేసుకోమన్నది నా కథని, ఇదెవరిది?" అన్నారు. ఏం చెప్తాం?

చట్టం అడిగేది కూడా రాతే. 1957 కాపీరైట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం అనుమతి రాతలో ఉండాలి. 2012 సవరణతో అందులోంచి సంతకం మాట పోయింది కాబట్టి వాట్సాప్ మెసేజ్ అయినా రాతే అని నా లెక్క. గడువు రాసుకోకపోతే ఐదేళ్లే అన్నది చాలామందికి తెలీదు, రెండో ముద్రణ వేసేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

కథ మొదట అచ్చేసిన పత్రికను అడిగితే సరిపోదా అంటారు కొందరు. బయటినుంచి పంపిన కథకి, రాసిచ్చేస్తే తప్ప, హక్కు రచయితదే. పత్రిక పేరు, సంచిక కథ కింద వేస్తే చాలు.

రచయిత లేకపోతే మాత్రం ఫోన్ మాట అసలు పనికిరాదు. చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు వారసులదే. మన దామలచెరువు కథకులు మధురాంతకం రాజారాం గారు 1999లో పోయారు, అంటే 2059 చివరిదాకా. ఏ ఇంట్లోనైనా అన్న సరే అన్న సంగతి చెల్లెలికి తెలిసుండకపోవచ్చు, అందుకే సంతకాలతో కాగితమే మేలు.

బతికున్నవాళ్లకి ఇప్పుడు ముందు ఫోన్ చేసి, ఆ సాయంత్రమే మెసేజ్ పెడుతున్నా: ఏ కథ, ఎన్ని కాపీలు, ఎంత ధర, పారితోషికం ఉందా లేదా, ఈబుక్ వేస్తామా, రచయితకి ఎన్ని పుస్తకాలు, అక్షరం మార్చాలన్నా అడిగే మారుస్తామని. పలమనేరు కథని రెండో ముద్రణకి సరిచేసి ప్రూఫ్ పంపితే ఆయన "సరే" అని ఒక్క ముక్క పెట్టారు. స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నా.